బొగ్గుల గదిలో పిల్లి

పోలమ్మకి షుగరు జబ్బు ముదిరి, పాదాలకి స్పర్శ పోయి చాన్నాళ్లయింది. 1981 వానాకాలంలో ఒకనాడు పొద్దున్నే కోడలు వరహాలమ్మ దుప్పటి మడత పెట్టబోయి చూసేసరికి, ముసలమ్మ కాలి బొటనవేలి చివర చర్మం లేదు. పక్క మీద నెత్తురు. నిద్రలో ఎలకలు కొరికాయి. కొరికినట్టు ఆవిడకే తెలీదు.

టాటానగర్ స్టేషను వెనక రైల్వే క్వార్టర్లలో ఎలకలు కొత్తేమీ కాదు. గూడ్సు షెడ్డులో ఒలికిన గోధుమలు తిని బలిసేవి. బోను పెడితే ఒకటి పడేది, మిగతావి ఆ బోను జోలికే వచ్చేవి కావు. మందు పెడితే ఏ సందులోనో చచ్చి ఇల్లంతా కంపు కొట్టించేవి. కానీ మనిషిని కొరకడం అదే మొదలు.

వరహాలమ్మ మొగుడు జగ్గారావు యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. తల్లి కాలికి ఆసుపత్రిలో కట్టు కట్టించి తీసుకొచ్చి, గుమ్మంలోనే చెప్పేశాడు.

“బోనులూ మందులూ ఇంక పనికిరావే. పిల్లిని తెచ్చేద్దాం. బిష్టుపూర్‌లో ఒక పార్సీ ముసలామె దిక్కులేని పిల్లుల్నీ కుక్కల్నీ సాకుతాదట. అడిగితే ఇత్తాదట.”

ఆ మాట వినగానే వరహాలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. “పిల్లా? వీధిలో తిరిగిన పిల్లా?” అంది.

ఆమెకి జంతువులంటే భయం ఊరికే రాలేదు. బొబ్బిలి దగ్గర పల్లెలో చిన్నప్పుడు ఆమె తమ్ముణ్ణి, చినబాబుని, వీధికుక్క కరిచింది. పెద్దవాళ్లు కాటు మీద కారం, సున్నం అద్దారు. మంత్రం వేయించారు. గాయం మానింది, అందరూ మర్చిపోయారు. కొన్నాళ్లకి వాడు మంచినీళ్ల చెంబు చూసి గోడకి అతుక్కుపోయాడు. గొంతు పట్టేసి, దాహమని ఏడుస్తూ, నీళ్లు తెస్తే వద్దని కేకలు వేస్తూ పోయాడు. పిల్లలు చూడకూడదని అమ్మ తలుపు వేసింది కానీ, తలుపు సందులోంచి వరహాలమ్మ అంతా చూసింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ కేకలు చెవుల్లోంచి పోలేదు. వీధిలో కుక్క ఎదురైతే ఇప్పటికీ అవతలి పక్కకి దాటిపోయేది.

అయినా అత్తగారి కాలు కళ్లముందు కనిపిస్తూంటే కాదనలేకపోయింది.

ఆ పార్సీ ముసలామె పేరు బానూబాయి. తన బంగళా వెనక, పాత గుర్రాల కొట్టాల్లో పెట్టింది జంతువుల ఆశ్రమం. పొట్టి జుట్టు, కళ్లజోడు, చేతుల నిండా పాత గీతలు. ఆమె ఒక బూడిదరంగు ఆడపిల్లిని చూపించి, హిందీలో విడమరిచి చెప్పింది. ఇది చేపల బజారు దగ్గర దొరికింది, దీని ముందు సంగతులు నాకు తెలియవు. రెండు వారాలు ఒక్క గదిలోనే ఉంచండి, తలుపు తీయకండి. ముందుగా పశువుల డాక్టరుకి చూపించండి, కడుపులో పురుగులకి మందు వేయించండి, రేబిస్ సూది వేయించండి. దాని గిన్నె వేరు, మీ గిన్నెలు వేరు. దాని మలం ఎత్తినా, దాన్ని ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడుక్కోండి. ముసలమ్మ కాలి పుండు దాకా దాన్ని అసలు రానివ్వకండి.

“ఒకవేళ కరిస్తే?” అని వరహాలమ్మ వచ్చీరాని హిందీలో అడిగింది.

బానూబాయి ఆమె మొహంలోకి చూసింది. “కుళాయి కింద పెట్టి, సబ్బుతో చాలాసేపు కడగాలి. కారం, పసుపు, ఏదీ పూయకూడదు. వెంటనే ఆసుపత్రికి. పిల్లిని మాత్రం వదిలిపెట్టకూడదు. అది ఎలా ఉందో చూస్తేనే డాక్టరుకి తెలుస్తుంది.”

జగ్గారావు అన్నిటికీ “జీ, జీ” అన్నాడు. సగం వినలేదు. వరహాలమ్మ ప్రతి మాటా విన్నది, ఇంటికి వచ్చేదాకా మనసులో వల్లె వేసుకుంది.

పిల్లిని పెరట్లో బొగ్గుల గదిలో పెట్టారు. పోలమ్మ దానికి మంగ అని పేరు పెట్టింది. పశువుల డాక్టరు దగ్గరికి సెలవు దొరికిన రోజు తీసుకెళ్తానన్నాడు జగ్గారావు. సెలవు దొరకలేదు. ఇవతల పోలమ్మ సణుగుడు మొదలెట్టింది.

“ఒలే వరాలూ, ఎలకలు నా మంచం కింద, పిల్లి బొగ్గుల మీద. ఇదేటి ఇడ్డూరమే? ఇడిసిపెట్టు దాన్ని!”

“వద్దత్తా. ఆ మేమ్‌సాబు వద్దన్నాది.”

“ఆమెకేటి తెలుసు? కాలు నాదా, ఆమెదా?”

ఒక మంగళవారం జగ్గారావు డ్యూటీకి వెళ్లాక వరహాలమ్మ చేప తలకాయలు గిన్నెలో వేసుకుని బొగ్గుల గది తలుపు తీసింది. రోజూ జానెడు తెరిచి గిన్నె తోసేసేది. ఆరోజు గిన్నె గడపకి తట్టుకుంది. సరిచేద్దామని చెయ్యి లోపలికి పెట్టింది. సరిగ్గా అప్పుడే వెనక లైను మీద ఇంజను పెద్దగా కూత పెట్టింది. మంగ బెదిరి ఎగిరింది. వరహాలమ్మ అదరిపోయి దాన్ని అడ్డుకోబోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పళ్లు దిగాయి. మరుక్షణం పిల్లి ఆమె భుజం మీంచి దూకి, గోడెక్కి, అవతలికి మాయమైంది.

వరహాలమ్మ చెయ్యి చూసుకుంది. రెండు చిన్న చిల్లులు. ఒకదాంట్లోంచి నెత్తురు బొట్టు పైకి వస్తోంది. ఆమెకి వినిపిస్తున్నది ఇంజను కూత కాదు, చినబాబు గొంతు.

“ఏటైనాదే?” అంటూ పోలమ్మ గోడ పట్టుకుని వచ్చింది. చెయ్యి చూసింది. “ఓలమ్మో! కరిసేసినాదా! ఉండు, కారం తెత్తాను. మంటెత్తితే ఇసం దిగిపోద్ది.”

పెళ్లయిన నాటి నుంచీ అత్త మాటకి ఎదురు చెప్పని వరహాలమ్మ ఒక్కసారిగా అరిచింది. “నన్ను ముట్టుకోకు! కారం తేవద్దు! మా తమ్ముడికి అదే ఎట్టినారు!”

కుళాయి తిప్పి, బట్టల సబ్బుతో రుద్దింది. చెయ్యి ఎర్రబడి చర్మం మండుతున్నా ఆపలేదు. కడుగుతూనే నీళ్లవంక చూసింది. ఈ నీళ్లంటే తనకి భయం వేస్తోందా? గ్లాసు నింపి గటగటా తాగింది. దిగాయి. కాసేపటికి మళ్లీ తాగింది. దిగాయి. మధ్యాహ్నం జగ్గారావు వచ్చేసరికి ఆమె కుళాయి దగ్గరే గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది. కొంగంతా తడిసిపోయింది.

“పిల్లే కదే. కుక్క కాదు కదా,” అన్నాడు జగ్గారావు, సముదాయిస్తూ.

“పిల్లయినా అదే జబ్బు మావా. మేమ్‌సాబు సెప్పినాది. నువ్వు వినలేదు. నన్ను ఆసుపత్రికి తీసుకెల్తావా, నేనొక్కర్తినీ ఎల్లిపోనా?”

జగ్గారావు బట్టలైనా మార్చుకోకుండా సైకిలు తీశాడు.

రైల్వే ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరు గాయం చూసి, బాగా కడిగావని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత అడిగాడు, “పిల్లి ఎక్కడ?”

పారిపోయిందని చెప్పారు. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. పిల్లి కళ్లముందు ఉండి, కరిచిన నాటి నుంచి పది రోజులు బాగుంటే భయం లేదన్నాడు. కనిపించకపోతే జబ్బు ఉన్నట్టే అనుకుని మొత్తం సూదులు వేయించుకోవాలి. బొడ్డు చుట్టూ, రోజుకొకటి. మొదటిది ఇప్పుడే.

“ఈ సూదులేసుకుంటే బతుకుతానా బాబూ?” అని తెలుగులోనే అడిగేసింది వరహాలమ్మ. జగ్గారావు దాన్ని హిందీలో చెప్పాడు.

“త్వరగా వచ్చావు. డరో మత్, భయపడకు,” అన్నాడు డాక్టరు. పొట్ట మీద సూది దిగినప్పుడు ఆమె మంచం అంచు గట్టిగా పట్టుకుంది.

మర్నాడు ఇద్దరూ బానూబాయి దగ్గరికి వెళ్లారు. తిడుతుందనుకున్నారు. ఆమె తిట్టలేదు. కుర్చీలో కూర్చుని, నిజం చెప్పింది. ఆ పిల్లితో పాటే దొరికిన ఇంకో పిల్లి నిన్న సాయంత్రం వాంతులై చచ్చిపోయింది. అది పిల్లులకి వచ్చే రోగమేననీ, మనుషులకి రాదనీ పశువుల డాక్టరు అన్నాడు. “కానీ నేను ఒట్టేసి చెప్పలేనమ్మా. వెతుకు. దాన్ని ఎలాగైనా వెతుకు.”

వరహాలమ్మ బయటికి వచ్చి ప్రహరీగోడ పట్టుకుని నిలబడిపోయింది. ఏ జంతువుని చూస్తే ప్రాణాలు పోతాయో, దాన్నే వెతకాలి. దొరికితే భయం. దొరక్కపోతే అంతకంటే భయం.

పొద్దున సూది వేయించుకోవడం, పొట్ట వాచి నొప్పెడుతున్నా చేప తలకాయల పొట్లం పట్టుకుని క్వార్టర్ల వెనక సందులన్నీ తిరగడం. “మంగా, మంగా” అని పిలుస్తూ, అది పలికితే ఏం చేయాలో తెలియకుండానే తిరిగేది. వర్షపు నీటి తూముల్లో, పట్టాల కింద వేసే పాత స్లీపరు దుంగల గుట్టల వెనక చూసింది. గొంతు కాస్త గరగరలాడితే చాలు, పక్కింటి వాళ్లని నీళ్లడిగి తాగి చూసుకునేది. “ఈవిడకి దాహం జబ్బేమో” అని జనం అనుకున్నారు.

నాలుగోనాడు చివరి వరస క్వార్టరులో ఉండే ఒడియా ఆవిడ చేత్తో పిలిచింది. వాళ్ల వాటర్ ట్యాంకు కింద, పగిలిన ఇటుకల మధ్య, బూడిదరంగు ఒళ్లు కనిపించింది. పచ్చటి కళ్లు వరహాలమ్మనే చూస్తున్నాయి.

ఆమె దగ్గరికి వెళ్లలేదు. పెద్దగా కేక వేసి జగ్గారావుకి కబురు పంపించమంది. ఒక మూకుడులో నీళ్లు పోసి, పొడుగాటి కర్రతో ముందుకు తోసింది. వెనక్కి జరిగి చూసింది. పిల్లి మెడ చాచి, వాసన చూసి, నాలికతో నీళ్లు తాగడం మొదలెట్టింది. చప్పుడు వినిపించింది. వరహాలమ్మ అక్కడే బురదలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

జగ్గారావు గోనెసంచీ, తోలు గ్లవుజులు పట్టుకొచ్చాడు. ఈసారి ఏమరుపాటుగా లేడు. సంచీ మొత్తం మీద వేసి, మూతి కట్టి, బొగ్గుల గదిలో వదిలి, తలుపుకి తాళం వేశాడు.

“నీళ్లు తాగినాది బాబూ, నేను సూసినాను,” అని వరహాలమ్మ డాక్టరుకి చెప్పింది, సూదులు ఆపేస్తాడన్న ఆశతో.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. నీళ్లు తాగినంత మాత్రాన జబ్బు లేదని కాదు. కొన్ని జంతువులు జబ్బుతో ఉండి కూడా తాగుతాయి. రోజులు పూర్తి కావాలి.

మళ్లీ పాతాళంలోకి జారినట్టయింది ఆమెకి. ఆ మిగిలిన రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. పొద్దున్నే లేచి ముందు బొగ్గుల గది తలుపు సందులోంచి చూసేది. మంగ కునుకు తీస్తుంటే చచ్చిపోయిందనుకుని తలుపు మీద కొట్టేది. అరిస్తే పిచ్చెక్కిందనుకుని తాళం మళ్లీ లాగి చూసేది. పోలమ్మ మాత్రం మారిపోయింది. ఇప్పుడు ఆవిడే మంచం మీంచి కేకలేసేది. “ఒలే, ఆ తలుపు గెడియ ఏసినావా? సబ్బెట్టి సేతులు కడిగినావా?”

గడువు దాటిన పొద్దున పిల్లి కాళ్లు చాచి ఒళ్లు విరుచుకుని, గిన్నెలో చేప ముల్లు కూడా మిగల్చకుండా తింది. డాక్టరు ఆ సంగతి విని, సూదులు ఆపేయమన్నాడు. వరహాలమ్మ నమ్మలేక రెండుసార్లు అడిగించింది. ఆసుపత్రి మెట్ల మీద జగ్గారావు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో అతను అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

“ఇంకెప్పుడూ వినకుండా ఉండనే,” అన్నాడు.

ఆ వారమే బుట్టలో పెట్టుకుని మంగని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పురుగుల మందు, రేబిస్ సూది వేయించాడు. చెవి వెనక తామర ఉందని డాక్టరు పూత మందిస్తే, అది మానేదాకా ఇంట్లోకి రానివ్వలేదు. ఆ తర్వాత తలుపు తీశారు. వానలు తగ్గేసరికి పోలమ్మ మంచం కింద ఎలకల చప్పుడు లేదు. ఆవిడ కాలి పుండు కూడా మానింది.

ఇన్ని జరిగినా వరహాలమ్మకి భయం పోలేదు. మంగకి అన్నం పెట్టేది, దాని మూకుడు వేరుగా కడిగేది, కానీ వేలితోనైనా తాకేది కాదు. చలికాలంలో ఒకనాడు మధ్యాహ్నం పెరట్లో ఎండలో బియ్యం ఏరుతుంటే మంగ వచ్చి, చేట పక్కనుంచి ఆమె ఒళ్లోకి ఎక్కి, ముడుచుకుని పడుకుంది. వరహాలమ్మ ఒళ్లంతా బిగుసుకుపోయింది. పిలిస్తే పిల్లి బెదురుతుందని అత్తని పిలవలేదు. బియ్యం అంటిన చేతులు రెండూ గాలిలో పైకెత్తి పట్టుకుని, పిల్లి తనంతట తాను లేచి వెళ్లేదాకా అలాగే కూర్చుంది.