అయిదో కాలు దగ్గర సున్నా

ఈ వేసవికి కూలర్‌లో కొత్త గడ్డి పెట్టి నీళ్లు వదిలాను. తొలి తడి వాసన గదంతా పరచుకోగానే నరసమ్మత్త గుర్తొచ్చింది. ఆవిడ మాకు చుట్టం కాదు. భిలాయి సెక్టర్ నాలుగులో మా పక్క క్వార్టర్‌లో ఉండేవారు. విజయనగరం నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటులో మీటర్లు బాగుచేసే షాపులో పనిచేసి రిటైరయ్యారు. మా కూలర్ చెడిపోయిన ఎండాకాలం, నేను లాప్‌టాప్ పట్టుకుని వాళ్ల ముందుగదిలో కూర్చునేవాణ్ణి.

అది ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. బ్యాలెన్స్‌డ్ మాడ్యులేటర్ అనే చిప్పును సాఫ్ట్‌వేర్‌లో నడిపి చూపించడం నా ప్రాజెక్టు. మాటను మోసుకెళ్లే వేగమైన తరంగాన్ని కేరియర్ అంటారు. ఆ కేరియర్‌ను అణచేసి, మాట తెచ్చిన మార్పును మాత్రమే బయటికి పంపడం ఆ చిప్పు పని. సాఫ్ట్‌వేర్‌లో ఆ చిప్పు సిద్ధంగా దొరకలేదు. దాని లోపలి ఎనిమిది ట్రాన్సిస్టర్లనూ ఒక్కొక్కటిగా గీశాను. విలువలు మూడుసార్లు సరిచూశాను. నడిపితే తెర మీద కదలని గీత. పదకొండు రోజులూ అదే గీత. మర్నాడు రిపోర్టు ఇవ్వాలి. ప్రాజెక్టు తప్పితే చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది. చివరికి ఒక సీనియర్ రిపోర్టులోంచి అందమైన తరంగం బొమ్మ తీసి నా దాంట్లో అతికించాను.

అత్త మామిడికాయలు చెక్కు తీస్తూ తెర వైపు చూశారు. "వచ్చేసిందేటి?"

"హా అత్తా, సబ్ ఠీక్."

"ఠీకైతే ఆ చేతులెందుకలా పిసుక్కుంటన్నావు? ఈ గీత ఇంతెత్తు ఎందుకు లేచిందో చెప్పు."

"ఇది సీనియర్‌దత్తా, నాది రాలేదు," అన్నాను.

"రాకపోతే రానేదని రాయి. మా షాపులో పాడైన మీటరుకి పాడైందని చీటీ కట్టీవోళ్లం. సిగ్గుపడి కట్టకపోతే, దాన్ని నమ్మి ఎవడో ఫర్నేసు దగ్గర నిలబడతాడు బాబూ."

బొమ్మ చెరిపేసి, ఆ చోట 'ఫలితం రాలేదు' అని టైపు చేశాను. భయం వేస్తుందనుకున్నాను. పదకొండు రోజుల్లో మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది.

"ఇక దాచీదేటీ నేదు కదా," అన్నారు. "మాటదీ కేరియర్‌దీ సిగ్నళ్లు రెండూ ఆపీ. ఊరికే కరెంటిచ్చి ఒక్కో కాలు దగ్గర ఎంతుందో చదువు." చిప్పు పిన్నులను ఆవిడ కాళ్లనేవారు. మీటరు ఏదైనా, పని లేకుండా ఉన్నప్పుడు ఎలా ఉందో చూశాకే పని చెప్పడం ఆవిడ పద్ధతి. వరసగా చదివాను. అయిదో కాలు దగ్గర సున్నా. చిప్పు మొత్తానికి కరెంటు ఎంతో నిర్ణయించేది ఆ కాలే. నేను గీసిన సర్క్యూట్‌ను అక్కడ పెద్దది చేసి చూస్తే, రెండు తీగలు ఒకదాన్నొకటి దాటాయి గానీ అవి అతుక్కున్నాయని చెప్పే చుక్క లేదు. చుక్క పెట్టి, సిగ్నళ్లు మళ్లీ ఇచ్చాను. తరంగం లేచింది. సీనియర్ బొమ్మంత నున్నగా లేదు, కేరియర్ కాస్త మిగిలింది. ఎందుకు మిగిలిందో మాత్రం చెప్పగలను.

వైవా అయ్యాక నేరుగా అత్త దగ్గరికే వెళ్లాను.

"ఏటడిగారు?"

"తప్పెలా దొరికిందని. పదకొండు రోజుల సంగతీ చెప్పేశాను."

"మరింకేటి, కూకో. అన్నం తిను."

ఆవిడ పోయి రెండేళ్లయింది. నేనిక్కడే భిలాయిలో, కంట్రోల్ ప్యానెళ్లు చేసే చిన్న వర్క్‌షాపులో డిజైన్ చూస్తున్నాను. అడిగినవాళ్లకి "ఇంకా తెలియలేదండీ" అని చెప్పాల్సిన రోజులు చాలానే వస్తాయి. చెప్పిన ప్రతిసారీ ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.