మేక్‌బేట్‌కి అర్థం

గురజాల బస్టాండు వెనక నూర్ మొహమ్మద్ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. నాలుగు మిషన్లు, ఒక రేకుల గది. గది చెన్నకేశవులుది. పిల్లలు టైపు లోయరు పరీక్ష పాసై ఉద్యోగాలు వెతుక్కుంటూ గుంటూరు పోయేవాళ్ళు. ఆయన మాత్రం అక్కడే కూర్చుని, పాత కాగితాల కొట్లో దొరికిన అట్టలేని ఇంగ్లీషు డిక్షనరీ చదువుకునేవాడు.

అందులో ఆయనకి కావాల్సింది కొత్త మాటలు కాదు, వాడుక పోయినవి. రెండు చిన్న మాటలు అతుక్కుని ఒక మనిషిలా తయారైనవి. స్మెల్‌ఫీస్ట్ అంటే విందు వాసన పట్టుకుని పిలవకుండా వచ్చేవాడు. స్లగ్‌అబెడ్ అంటే పొద్దెక్కినా మంచం దిగనివాడు. మనకీ తలబిరుసు, చేతివాటం ఉన్నాయి కదా, అక్కడ బతికిందీ మనలాంటి జనమే అనేవాడు. బజారులో సగం మందికి ఆయన పెట్టిన పేర్లున్నాయి. అర్థం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఎవరూ కోపగించుకోలేదు. ఇంగ్లీషులో తిడితే తిట్టులా ఉండదు మరి.

ఎనభై ఏడులో సాగర్ నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. మిరప తోటలు వాడిపోతున్నాయి. కాలవ చివర కోటేశ్వరరావుదీ వీరయ్యదీ పక్కపక్క పొలాలు, నీళ్ళు వంతులు వేసుకునేవాళ్ళు. ఎగువ పొలం చెన్నకేశవులుది. కింద వాళ్ళిద్దరూ కొట్టుకుంటుంటే పైన ఆయన తూము ఎంత ఎత్తి ఉందో ఎవరూ చూడరు.

ఒక పొద్దున టీ కొట్లో చెన్నకేశవులు కోటేశ్వరరావు పక్కన చేరాడు.

"తెల్లారుజామున నీ వంతు నీళ్ళు వీరయ్య తిప్పుకున్నాడంట. ఊరుకో, రేపు పొలమే తిప్పుకుంటాడు."

కోటేశ్వరరావు గోడకి ఆనించిన కర్ర అందుకున్నాడు. పక్క బల్ల మీద నూర్ మొహమ్మద్ గ్లాసు దించి, చెన్నకేశవులుని చూసి అలవాటు కొద్దీ, "మేక్‌బేట్" అన్నాడు.

"అంటే ఏంది సాయిబూ?" చెన్నకేశవులు నవ్వుతూనే అడిగాడు. కోటేశ్వరరావు కూడా ఆగి చూశాడు.

"పుస్తకం చూసి మజ్జానం చెప్తా."

పుస్తకం చూడాల్సిన పని లేదని ఆయనకి తెలుసు. ఇంటికెళ్ళి భార్య హజ్రా బీకి జరిగింది చెప్పాడు.

"గొప్ప నాయకుడని చెప్పండి, పోయేదేముంది? వాళ్ళొచ్చి పుస్తకం తిరగేస్తారా? గది పోతే ఆ మిషన్లు నా నెత్తిన పెట్టుకోనా?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాడు. అబద్ధం చెబితే గది ఉంటుంది, కోటేశ్వరరావు చేతిలో కర్ర కూడా ఉంటుంది. ఎన్ని వందల ఏళ్ళు ఆ పుస్తకంలో పడుకుందో ఆ మాట. లేపింది తనే.

మధ్యాహ్నం చెన్నకేశవులు, కోటేశ్వరరావు కలిసే వచ్చారు. కర్ర వెంటే ఉంది. మిషన్ల చప్పుడు ఆగింది.

"ఇద్దరి మధ్య తగాదా పుట్టించేవాడు," అన్నాడు నూర్ మొహమ్మద్, కళ్ళజోడు తుడుచుకుంటూ. "అంతే. ఇంకో అర్థం లేదు కేశవులు గారూ."

చెన్నకేశవులు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"దీనికి ఇంగ్లీషోళ్ళు కూడా ఒక మాట పెట్టుకున్నారంటే మా వోళ్ళు అక్కడా ఉన్నారన్నమాట," అన్నాడు. "శనివారానికి గది ఖాళీ చెయ్యి సాయిబూ."

శనివారం వీరయ్య బండి కట్టుకొచ్చాడు. తన పత్తి కొట్టంలో చోటిస్తానన్నాడు. మిషన్లు ఎత్తడానికి కోటేశ్వరరావు కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. ఇద్దరూ ఒక్కో మిషను చెరోవైపు పట్టుకుని మోశారు. 

ఆఖరి మిషను దగ్గర వీరయ్య అడిగాడు. "మాస్టారూ, నాకేదో పేరు పెట్టారే, ఏందది?"

"స్లగ్‌అబెడ్. పొద్దెక్కినా మంచం దిగనివాడు."

కోటేశ్వరరావు గడపలో ఆగాడు. "మరి తెల్లారుజామున తూము కాడికి ఎట్టా వచ్చావురా?"

"నేనెక్కడొచ్చాను? ఆ టయానికి మా ఆవిడ మంచం తిరగేసినా లేవనే."

"ఆ సంగతి నాకు తెలీదా," అన్నాడు కోటేశ్వరరావు, తల వంచుకుని. "తెలిసి కూడా కర్ర పట్టుకున్నా."

"కబుర్లు తర్వాత చెప్పుకుందురు, మిషను జారుతోంది చూడండి," అంది బయట బండి దగ్గర్నుంచి హజ్రా బీ.