మంచు పడని మూడేళ్లు

నాటింగ్‌హామ్‌లో మా ఇంటి పైగదిలో ఉండే అక్కది అనంతపురం. స్ప్రింగ్‌టెయిల్స్ అనే పురుగుల మీద పరిశోధన చేసేది. ఆవగింజలో సగం కూడా ఉండని ఆ పురుగులు చలికాలంలో మంచు మీదికి ఎందుకొస్తాయో తేల్చాలని ఆమె పట్టుదల. మూడు చలికాలాలు గడిచినా చెప్పుకోదగ్గ మంచు పడలేదు. రోజూ పొద్దున్నే కర్టెన్ తీసి చూసి, కిందికి దిగి, నేను అడగకపోయినా "ఈ పొద్దూ లేదు" అనేది.

స్కాలర్‌షిప్ అయిపోయింది, వీసా గడువూ ముగిసింది. ఆమె వెళ్లే రోజు తెల్లారేసరికి పెరడంతా తెల్లగా ఉంది. అక్క చెప్పులతోనే పరుగెత్తి మంచులో మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె వేలు చూపినచోట నల్లటి నలుసులు గెంతుతున్నాయి.

"సీసా తీసుకురానా అక్కా?" అన్నాను.

"ఏం చేసుకునేది? ల్యాబ్ తాళం నిన్ననే ఇచ్చేస్తి" అంది.

టాక్సీ వచ్చాక నేనే చెయ్యి పట్టుకుని లేపాను.

మరుసటి చలికాలం వారం రోజులు మంచు కరగలేదు. ఫోన్ చేశాను. ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నానంది.

"ఆడ ఈ ఏడన్నా మంచు పడిందా?" అని అడిగింది.

లేదని చెప్పాను.