నాలుగో ప్రశ్నకు జవాబు

మా మాస్టారు నాలుగు ప్రశ్నలు అడక్కుండా ఎవరినీ ఏ పనీ మొదలుపెట్టనిచ్చేవారు కాదు. తిన్నారా? బాత్రూంకి వెళ్ళొచ్చారా? కళ్ళజోడు తెచ్చుకున్నారా? రాత్రి నిద్రపట్టిందా? ఎప్పుడూ ఇదే వరస. చిటికెనవేలితో మొదలుపెట్టి, ప్రశ్నకో వేలు ముడిచేవారు. చివరికి మిగిలిన బొటనవేలు పైకెత్తి, "ఇక కానిద్దాం" అనేవారు.

ఆయన మా ఆసుపత్రిలో మానసిక పరీక్షల గదికి పెద్ద. మనుషుల జ్ఞాపకశక్తినీ, ఏకాగ్రతనీ, తెలివితేటలనీ కాగితాలతో, చెక్క దిమ్మలతో, బొమ్మలతో కొలిచే గది అది. నేను ఆయన కింద కొత్తగా చేరిన సైకాలజిస్టుని. ఎదురుగా ఉంటే అందరం "మాస్టారూ" అనేవాళ్ళం. అటు తిరగ్గానే ఆయన పేరు "నాలుగు ప్రశ్నలు".

పరీక్షకొచ్చినవాళ్ళని అడిగితే అర్థముంది. ఈయన అక్కడితో ఆగే మనిషి కాదు. ఒకసారి లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల మాస్టారు, నేను, ఒక నర్సు. కాసేపటికి పైనుంచి మెకానిక్కు గొంతు వినిపించింది.

"కంగారు పడకండి సార్, ఐదు నిమిషాల్లో తీసేస్తా!"

"మాకేం కంగారు లేదు గానీ, నువ్వు తిన్నావా?"

"లేదు సార్. పొద్దున్నించీ ఇది మూడో లిఫ్టు."

"అయితే వెళ్ళి తినేసి రా. ఖాళీ కడుపుతో వైర్లు ముట్టుకోకు."

"మాస్టారూ! ముందు మనల్ని తియ్యమనండి!" అని నర్సూ నేనూ ఒక్కసారే అరిచాం.

"అతను ఒక వైరుకి బదులు ఇంకో వైరు పీకాడనుకో, మనం కిందికి వెళ్తాం తల్లీ. కాకపోతే మరీ త్వరగా వెళ్తాం."

మెకానిక్కు ముప్పావుగంటకి తిరిగొచ్చి, పైనుంచి తృప్తిగా త్రేన్చాడు. మాస్టారు రెండో వేలు ముడిచారు. "బాత్రూంకి వెళ్ళొచ్చావా?"

ఇంట్లోనూ ఇదే వరస. "పెళ్ళయ్యాక ఈయన నాతో మాట్లాడిన మొదటి మాట 'తిన్నావా' అని. ఎంత ప్రేమో అని మురిసిపోయాను. రెండో మాట విన్నాక పుట్టింటికి ఉత్తరం రాద్దామనుకున్నాను" అనేది మాస్టారి భార్య.

పెద్ద డాక్టరుగారు ఒకరోజు మా గది మీదికి దండెత్తి వచ్చారు. "రోజుకి పన్నెండు మందిని చూడాలండీ! మీరు నలుగురితో సరిపెడితే ఎట్లా?" అని టేబులు మీద గుద్దారు. మాస్టారు ఆ కేకలన్నీ శ్రద్ధగా విని, "రాత్రి నిద్రపట్టిందా?" అన్నారు. డాక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. "మనవరాలికి పళ్ళొస్తున్నాయి మాస్టారూ. ఇంటిల్లిపాదికీ జాగారమే." చెక్క దిమ్మల పెట్టె పక్కన తల వాల్చి, పావుగంట కునుకు తీసి మరీ వెళ్ళారు.

క్యాంటీన్లో మాస్టారిని అనుకరించడంలో నన్ను మించినవాళ్ళు లేరు. వేళ్ళు ముడవడం, గొంతు సవరించుకోవడం, ఆ బొటనవేలు, అన్నీ అచ్చు దించేదాన్ని. పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. అలా వెక్కిరించి వెక్కిరించి, ఆ ప్రశ్నలు నిజంగా అడగాల్సిన చోట నాకు నోరు రాకుండా పోయింది. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఒకరోజు మాస్టారు సెలవు పెట్టారు. బయట ఏడుగురు కూర్చుని ఉన్నారు. మొదట వచ్చినవాడు బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. తలకి దెబ్బ తగిలి మూడు నెలలు మంచాన ఉన్నాడు. బుర్ర సరిగ్గానే పనిచేస్తోందని మా గది నుంచి రిపోర్టు వస్తేనే మళ్ళీ బస్సు ఇస్తామన్నారు డిపోవాళ్ళు.

నేను తిన్నావా అనలేదు, పడుకున్నావా అనలేదు. అతని ముందు కాగితం పెట్టి స్టాప్‌వాచ్ నొక్కాను. కాగితం నిండా సన్నటి అంకెల వరసలు. వాటిలో తొమ్మిదులన్నీ కొట్టెయ్యాలి. అతను కాగితాన్ని దూరం జరిపాడు, దగ్గరికి లాక్కున్నాడు, చెమట తుడుచుకున్నాడు. తొమ్మిదులు వదిలేసి ఆరులూ సున్నాలూ కొట్టేశాడు. "ఏకాగ్రత బాగా తగ్గింది. బస్సు నడపడానికి తగడు" అని రాసి పక్కన పెట్టాను.

మర్నాడు మాస్టారు సంతకం పెట్టబోతూ పెన్ను ఆపారు. "నాలుగూ అడిగావా అమ్మాయ్?"

"అడిగాను మాస్టారూ."

సంతకం పెట్టేశారు.

పది రోజుల తర్వాత ఆ డ్రైవరూ, అతని భార్యా మా వరండా బెంచీ మీద కనిపించారు. ఇక స్టీరింగు ముట్టుకోవద్దు, షెడ్డులో బస్సులు కడగమని డిపో నుంచి వచ్చిన ఉత్తరం అతని చేతిలో ఉంది. టీ గ్లాసుతో అటుగా వెళ్తున్న మాస్టారు అలవాటు కొద్దీ ఆగి, చిటికెనవేలు ముడిచారు. తిన్నానన్నాడు. వెళ్ళొచ్చానన్నాడు. మూడో వేలి దగ్గర మాత్రం నోరు విప్పలేదు.

భార్య ఊరుకోలేదు. "చెప్పవయ్యా సార్‌కి! ఆ రోజు కూడా కళ్ళజోడు సంచిలోనే ఉంది సార్. పెట్టుకుంటే కళ్ళు పోయాయని రాస్తారంట, బయటికి తియ్యనిస్తేగా!"

"దూరం బ్రహ్మాండంగా కనిపిస్తుంది సార్. దగ్గరి అక్షరాలే అలుక్కుపోతాయి" అన్నాడతను.

"మరి మా అమ్మాయి అడగలేదా?"

"లేదు సార్. కూర్చోగానే వాచీ నొక్కేశారు."

నేను గుమ్మంలోనే ఉన్నాను. మాస్టారు నావైపు చూశారు. ముడిచిన మూడు వేళ్ళూ అలాగే ఉండిపోయాయి.

అదే కాగితం మళ్ళీ ఇస్తే అలవాటు మీద బాగా చేసేస్తారని, అలాంటిదే ఇంకో కాగితం తీశారు. డ్రైవరు కళ్ళజోడు పెట్టుకుని తొమ్మిదులన్నిటినీ ఏరిపారేశాడు. మిగతా పరీక్షలూ దాటాడు. ఆ నెల తిరక్కుండానే అతని బస్సు అతనికి వచ్చింది.

మొదటి రిపోర్టులో తప్పెవరిదని సోమవారం మీటింగులో పెద్ద డాక్టరుగారు అడిగారు. నేను గొంతు సవరించుకునేలోపే మాస్టారు లేచారు. "సంతకం నాది. తప్పూ నాదే. నాలుగు ప్రశ్నలు అడగలేదు."

ఒక్క క్షణం అందరూ బిత్తరపోయారు. తర్వాత ఆ హాలు నవ్వులతో దద్దరిల్లిపోయింది. లిఫ్టు మెకానిక్కుని కూడా వదలని మనిషి, అసలు అడగాల్సినవాణ్ణి వదిలేశాడట! ఏడాదిపాటు ఆసుపత్రికి అదే కాలక్షేపం. మాస్టారు మర్చిపోయి తల గోక్కోవడం ఎలా ఉంటుందో చేసి చూపించమని క్యాంటీన్లో నన్ను పట్టుబట్టారు. చేసి చూపించాను. బాగానే నవ్వారు.

ఆ మీటింగు మర్నాడు పొద్దున్నే ఆయన ముందు నిలబడ్డాను. "మీ మీద ఎందుకు వేసుకున్నారు మాస్టారూ?"

"నీ పేరు చెబితే నువ్వు రాసిన ప్రతి కాగితం మీదా వాళ్ళకి అనుమానమే. నా పేరు చెబితే ఓ నవ్వు నవ్వుకుంటారు. నవ్వితే నాకేం పోయింది? నీ పాత రిపోర్టులు మనిద్దరం కూర్చుని తిరగేద్దాంలే." నా మొహంలోకి చూసి, "నిద్రపట్టిందా?" అన్నారు.

"లేదు."

"అయితే ఇవాళ ఎవరినీ పరీక్ష చెయ్యకు. ఇంటికెళ్ళి పడుకో."

రెండు నెలలపాటు భోజనాల వేళ నా పాత రిపోర్టులన్నీ తిరగేశాం. ముగ్గుర్ని వెనక్కి పిలిపించి మళ్ళీ చూశాం. ఆ రెండు నెలల్లో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అబద్ధం ఎందుకు చెప్పావని కూడా అడగలేదు. అడిగితే బాగుండేది.

ఆయన రిటైరైన రోజు సభలో వక్తలందరూ ఆ మరపు కథే చెప్పి నవ్వించారు. ఇక ఆగలేక లేచి మైకు అందుకున్నాను. "ఆ రోజు నిజానికి..." అన్నానో లేదో, వేదిక మీంచి ఆయన గొంతు ఖంగుమంది.

"ఆగమ్మా! మాట్లాడేముందు తిన్నావా?"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వులో నా గొంతు మునిగిపోయింది. మళ్ళీ పైకి తేలేంత ధైర్యం నాకు లేకపోయింది. కూర్చున్నాను. ఆయన వేదిక మీంచి బొటనవేలు చూపించారు.

పోయిన నెల మాస్టారు కన్నుమూశారు. చూడటానికి వెళ్తే అక్కడ కూడా ఎవరో ఆ మరపు కథ ఎత్తుకున్నారు. నవ్వబోయి ఆగాను. మాస్టారి భార్య నన్ను వంటగదిలోకి పిలిచి, "తిన్నావా?" అంది. రెండో ప్రశ్న కూడా అడుగుతుందేమోనని భయపడి వెంటనే తిన్నానన్నాను. ఆవిడకి నవ్వొచ్చింది.

ఆ రోజు నాలుగు ప్రశ్నలు అడగనిది నేను. అడిగానని అబద్ధమాడిందీ నేనే. నవ్వినవాళ్ళందరూ ఇది చదవాలని రాశాను.

మాస్టారూ, రాయడం మొదలుపెట్టేముందు తిన్నాను. బాత్రూంకి వెళ్ళొచ్చాను. కళ్ళజోడు పెట్టుకున్నాను. నాలుగోదానికి జవాబు రేపు పొద్దున్న చెప్తాను. పడుతుందనే అనుకుంటున్నాను.