గాలాలు దిగే ఆదివారం

ఆదివారం వచ్చిందంటే నాకు ఇంట్లో కాలు నిలవదు. జూలూరుపాడు దగ్గర మా ఊరి చెరువులో ఆ రోజే గాలాలు దిగుతాయి. వల వేయాలంటే మత్స్యకారుల సొసైటీ వాళ్లే వేయాలి. గాలానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు కాబట్టి ఎక్కడెక్కడి నుంచో బండ్లేసుకుని వస్తారు. నీళ్ల మీద తేలే పక్కవాడి బెండు మీద నుంచే గాలపు తంగూసు విసురుతారు. ఫోన్లో పాటలు మోగించి చేపల్ని తామే తరిమేసి, పడలేదని చెరువును తిడతారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. బిర్యానీ పొట్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు గట్టు పొడుగునా వదిలేసి పోతారు. అవన్నీ తిట్టుకుంటూనైనా ఏరేస్తాను. సీసా పగిలిన చప్పుడు వింటే మాత్రం నా గుండె ఆగినంత పనవుతుంది.

ఎందుకంటే పొద్దు వాలగానే అమ్మ ఆ నీళ్లలోకే దిగుతుంది. మా బర్రె చెరువులో పడుకుందంటే దానంతట అది లేవదు. అమ్మ మోకాళ్ల లోతు దాకా వెళ్లి వీపు మీద చరిస్తేనే కదులుతుంది. నేను వెళితే ఇంకా లోపలికి పోతుంది. ఉద్యోగం చేసే మనిషినన్న గౌరవం దానికి ఏమాత్రం లేదు. అమ్మకేమో ఎప్పటి నుంచో షుగరు, అరికాళ్లు మొద్దుబారిపోయాయి. కాలికి గాయమైతే మానదని, ఆలస్యమైతే పాదమే దక్కదని దవాఖానాలో డాక్టరు నా ముందే చెప్పాడు. బర్రెను అమ్మేద్దామన్నందుకు అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. పోనీ చెప్పులతో దిగమంటే అదీ వినదు.

"గంగమ్మ తల్లి మీద చెప్పులేసుకొని నడుస్తరా ఎవరన్న? ఏం మాటలురా గవి?" అంటుంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నమే చెరువుకు వెళ్లాను. నలుగురు కుర్రాళ్లు గాలాలు వేసుకుని కూర్చున్నారు. పక్కన ఖాళీ సీసాలు, ఒకటి అప్పటికే పగిలి పెంకులై ఉంది. ఒళ్లు మండింది. అయినా గొంతు తగ్గించుకుని, రోజూ అమ్మ ఇక్కడికి వస్తుందని, ఆమె కాళ్ల సంగతి ఇదీ అని చెప్పాను. వాళ్ల ముఖాలు మారిపోయాయి.

"సారీ అన్నా. మాకు గూడ అమ్మలున్నరు. ఒక్క పెంకు గూడ గట్టు మీద ఉండనియ్యం" అన్నాడు ఒకడు. అప్పటికప్పుడే వంగి ఏరడం మొదలుపెట్టారు.

ఇంటికొచ్చి టీ పెట్టుకున్నాను. సగం తాగి వదిలేశాను. వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతుంటే "కూసోరాదు కాసేపు" అని అమ్మ కసిరింది.

పొద్దు వాలాక ఆమె వెనకే వెళ్లాను. గట్టంతా ఊడ్చినట్టుంది. కుర్రాళ్లు గాలాలు సర్దుకుని బండ్లు తీస్తున్నారు. అమ్మ చెప్పులు విడిచి నీళ్లలోకి దిగింది.

"సీసాలన్నీ ఎక్కడేసిన్రు తమ్మీ?" అని మధ్యాహ్నం మాట్లాడిన కుర్రాణ్ని అడిగాను.

"కాళ్లకు తగుల్తయని మొత్తం నీళ్లల్ల ఏసినమన్నా. పెంకులు గూడ" అన్నాడు. మెచ్చుకుంటానని నా ముఖంలోకి చూస్తున్నాడు.

"అమ్మా, ఆగు!" అని అరిచాను. అప్పటికే బర్రె లేచింది. దాన్ని అదిలిస్తూ అమ్మ ఒడ్డుకు వస్తోంది.

"ఏంది గట్ల ఒర్లుతున్నవ్? పోరగాండ్లు మంచిగ సాఫ్ చేసిన్రు. ఏం గుచ్చుకోలే నాకు" అంది నవ్వుతూ. గట్టు బండల మీదుగా చెప్పుల వైపు నడిచింది. ఆమె ఎడమ పాదం మోపిన ప్రతి బండా ఎర్రగా తడిసి ఉంది.