ప్లగ్గు తీసినా పోని కరెంటు

అరుణజ్యోతి పదమూడేళ్లకే బోరు మోటార్ల వైండింగ్ నేర్చుకుంది. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన ఆమె తండ్రి జంగయ్యకు ఎల్బీనగర్‌లో చిన్న వైండింగ్ షాపు ఉండేది. ఆడపిల్లకు ఈ పనేమిటని చుట్టాలు అడిగితే, "దాని చేతికి తీగ మాటింటది" అనేవాడు. ఆయన పోయాక షాపు ఆమె, తమ్ముడు మహేష్ కలిసి నడిపారు. మోటార్ల పని తగ్గేసరికి ఆమె పెట్రోలుతో పాటు బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కార్ల రిపేరులో మూడు నెలల శిక్షణ తీసుకుని మన్సూరాబాద్‌లో షెడ్డు వేసింది. మహేష్ శిక్షణకు పోలేదు. అక్క పక్కన రెండేళ్లు చూసి, దిల్‌సుఖ్‌నగర్‌లో సొంతంగా షాపు పెట్టుకున్నాడు.

మొన్న ఆగస్టులో ఒక ఉదయం, చైతన్యపురిలో ఉండే విశ్వేశ్వరరావు అనే రిటైర్డ్ లెక్చరరు తన హైబ్రిడ్ కారు తెచ్చారు. గుంటూరు వైపు మనిషి. కారు సెకండ్ హ్యాండ్‌లో కొని ఐదు నెలలైంది.

"స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలమ్మా, ఎర్ర లైటు వెలుగుతోంది. ఒకచోట చూపిస్తే బ్యాటరీ మొత్తం మార్చాలన్నారు."

"అప్పుడే బ్యాటరీ ఎందుకు సార్. జర చూడనియ్యుండ్రి."

హై వోల్టేజ్ కరెంటు కారు బాడీకి లీకవుతోందని స్కానరు చెప్పింది. కుదిపినప్పుడే వస్తోందంటే లోపల ఏదో ఒరుసుకుంటోందని ఆమెకు తోచింది. బ్యాటరీ వెనక సీటు కింద ఉంది. మందపాటి రబ్బరు గ్లౌజులు వేసుకుని నారింజ రంగు సర్వీస్ ప్లగ్గు పీకింది. అది తీస్తే బ్యాటరీ మధ్యలో తెగిపోతుంది, రెండు కొసల మధ్య వోల్టేజ్ ఉండదు. పది నిమిషాలు ఆగి మీటరు పెట్టింది. సున్నా రావాలి.

రెండు వందల ఆరు చూపించింది.

మీటరు చెడిందేమోనని ఇంకో బ్యాటరీ మీద చూసింది. బాగానే ఉంది. మళ్లీ పెట్టింది. రెండు వందల ఆరే. ప్లగ్గు తన చేతిలో ఉంది, కరెంటు లోపలే ఉంది.

"ఏమైందమ్మా?"

"మీరు బండి ముట్టకుండ్రి సార్. బయట కూసోండ్రి."

బ్యాటరీ మూత తీసి చూసింది. ప్లగ్గు సాకెట్ వెనక ఎవరో రాగి పట్టీ బిగించి, తెగాల్సిన చోటును కలిపేశారు. ఆ పట్టీ అంచు ఒక సన్నటి వైరును బ్యాటరీ ఇనుప పెట్టెకు నొక్కుతోంది. వైరు తొడుగు అరిగిపోయింది. కుదుపు వచ్చినప్పుడల్లా లోపలి తీగ ఇనుముకు తగులుతోంది. లీకు దొరికింది.

కానీ ఆమె చూపు పట్టీకి చుట్టిన నూలు టేపు దగ్గర ఆగిపోయింది. టేపు కొసను దారంతో రెండు చుట్లు చుట్టి, కిందినుంచి దూర్చి ముడివేశారు. జంగయ్య కాయిళ్లకు వేసే ముడి అది. ఆయన దాన్ని ఇద్దరికే నేర్పాడు.

విశ్వేశ్వరరావును సాయంత్రం రమ్మని పంపేసింది. ఫోన్ చేస్తే అరగంటలో మహేష్ వచ్చాడు. పట్టీ చూసి తల దించుకున్నాడు.

"సాకెట్ కాలింది అక్కా. కొత్తది రానికి ఇరవై రోజులన్నరు. బండి అమ్మేటాయన ఆగలే. మల్ల మారుస్త అనుకున్న."

"గ్లౌజులు లేకుంట చెయ్యి పెడ్తే నేను ఏమైదును?"

అతను పట్టీ ఊడదీయబోతే ఆమె చెయ్యి అడ్డుపెట్టింది.

"ఇంకెన్ని బండ్లకు చేసినవ్?"

"ఇంకోటి. కృష్ణ అని, క్యాబ్ నడుపుతడు."

ఆమె వెంటనే అతనికి ఫోన్ చెయ్యమంది. స్పీకర్‌లో కృష్ణ మాట వినిపించింది. "నిన్నటి సంది లైటు ఎలుగుతుంది అన్నా. మూసారాంబాగ్‌ల మెకానిక్ మట్టయ్యకు చూపిస్తున్న. ప్లగ్గు పీకిండు, లోపల చూస్తుండు."

ఆమె ఫోన్ లాక్కుంది. "చెయ్యి తియ్యమను. కరెంటు పోలే. ప్లగ్గు తీసినా పోలే."

అవతల ఏదో కిందపడిన చప్పుడైంది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. అక్కాతమ్ముళ్లు ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు. చివరికి కృష్ణ మాట్లాడాడు. "పానా పడింది. మట్టయ్య కాకా బాగనే ఉన్నడు."

ఇద్దరూ బైకు మీద మూసారాంబాగ్ చేరేసరికి మట్టయ్య అరుగు మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. అరుణజ్యోతి గ్లౌజులు వేసుకుని కృష్ణ కారులోని పట్టీ ఊడదీసింది.

"గిట్ల ఎవ్వలన్న చేస్తరా బిడ్డా?" అన్నాడు మట్టయ్య.

ఆమె నోరు తెరిచేలోపే మహేష్ ముందుకొచ్చాడు. "నేనే చేసిన కాకా."

మట్టయ్య అతన్ని తిట్టలేదు. ముఖం తిప్పుకున్నాడు.

సాయంత్రం ఆమె విశ్వేశ్వరరావుకు దాచకుండా చెప్పింది, చేసింది తన తమ్ముడేనని కూడా. "మా మనవరాలు రోజూ ఆ సీటు మీదే కూర్చుంటుందమ్మా," అన్నారు ఆయన. కారు మాత్రం ఆమె దగ్గరే వదిలి వెళ్లారు. సాకెట్, వైరు మారిస్తే సరిపోయింది. బ్యాటరీ మార్చాల్సిన పని పడలేదు.

మహేష్ షాపు మూసి శిక్షణలో చేరాడు. రెండు నెలలు అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. ఇప్పుడు ఉన్నాయి, పని గురించి మాత్రమే.