మాత్ర దేనితో మింగావని ఎవరూ అడగలేదు

ఆ రోజు పొద్దున బర్రె పొదుగు దగ్గర కూర్చుంటే నా వేళ్లు ముడుచుకోలేదు. పాలు పితకడం నాకు అన్నం కలుపుకోవడం లాంటి పని. అలాంటిది చెంబు సగం నిండకముందే మణికట్లు లాగేశాయి, తల పగిలిపోతుందేమో అన్నంత నొప్పి మొదలైంది. నుదురు బర్రె డొక్కకు ఆనించి అలాగే ఉండిపోయాను. అత్తమ్మ చూసి, "ఏందే, నిద్రపోతున్నవా?" అంది. చలిగా ఉందన్నాను. ఎండలు ముదురుతున్న రోజులవి.

మాది కొడకండ్ల మండలంలో ఒక ఊరు. మా ఇల్లు గడిచేది నాలుగు బర్రెల పాల మీద. మా ఆయన భూపాలపల్లి దగ్గర చెల్పూర్‌లో, కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. సెలవు దొరికితేనే వస్తాడు. ఇంట్లో ఉండేది నేను, అత్తమ్మ. అంతకు కొద్ది రోజుల ముందే మరిపెడ వైపు నుంచి ఒక బర్రెను కొని తెచ్చాం. దాని చెవుల్లో, తోక కింద గోమార్లు గుత్తులుగా పట్టి ఉన్నాయి. రక్తం తాగి ఉబ్బే ఆ పురుగుల్ని నేను రోజూ చేత్తోనే పీకేదాన్ని. పాడి ఉన్న ఇళ్లలో ఆడవాళ్లందరం చేసే పనే అది. చేతికి తొడుగు వేసుకోవాలని మాకు ఎవరూ చెప్పలేదు.

ఊళ్లో ఆర్ఎంపీ చూసి టైఫాయిడ్ అన్నాడు. సూదులేశాడు, గ్లూకోజ్ ఎక్కించాడు. జ్వరం దిగినట్టే దిగి మళ్లీ ఎక్కింది. మా ఆయన వచ్చి నన్ను జనగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డెంగీ నెగెటివ్, మలేరియా నెగెటివ్. ప్లేట్‌లెట్స్ తక్కువ, లివర్ ఎంజైమ్స్ ఎక్కువ. డాక్టర్ గారు నన్ను పడుకోబెట్టి చూస్తూ, మోకాలి వెనక ఎండిన నల్లటి పక్కు దగ్గర ఆగారు. అది అక్కడ ఉన్నట్టు నాకే తెలియదు.

"ఇంట్లో పశువులు ఉన్నాయా?"

"నాలుగు బర్రెలున్నయి సార్."

"టిక్, అదే గోమారు, కుట్టి ఉంటుంది. దానివల్ల వచ్చే రికెట్సియల్ ఫీవర్ సస్పెక్ట్ చేస్తున్నా. శాంపిల్ పంపుదాం గానీ, రిపోర్టు కోసం ఆగొద్దు. డాక్సీసైక్లిన్ రాస్తున్నా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తిన్నాక వేసుకో."

అంతవరకు ఆయనకు దండమే పెడతాను. పక్కును చూసి రోగాన్ని పసిగట్టింది ఆయనే. కానీ "తిన్నాక" అనేసరికే ఆయన చూపు నా వెనక వరుసలో నిలబడ్డ మనిషి మీదికి వెళ్లిపోయింది. మందుల షాపులో మాత్రల పట్టీ కత్తిరించి కవర్లో వేసిచ్చారు. మా వంతు అయిపోయింది.

మొదటి మాత్రకే కడుపులో తిప్పింది. తిన్న ఇడ్లీ తిన్నట్టే బయటికి వచ్చింది. దాంతోపాటు మాత్ర కూడా పోయిందా, ఇంకోటి వేసుకోవాలా అన్నది ఎవరినడగాలో తెలియలేదు. కవరు మీదున్న ఆసుపత్రి నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు "ఓపీ టైంలో రండి" అన్నారు. నిలబడే ఓపిక లేక ఒక గుక్క నీళ్లతో మింగి వెంటనే పడుకునేదాన్ని. రెండు మూడు రోజులకే రొమ్ము ఎముక వెనక నిప్పు పెట్టినట్టు మంట. ఉమ్మి మింగినా ఏడుపొచ్చేది. ఒకరోజు కాస్త తెరిపిగా ఉందని ఎండలో కూర్చుని గడ్డి కత్తిరిస్తే, ముంజేతులు ఎర్రగా కమిలి పొక్కులు లేచాయి. పక్కింటామె అమ్మవారు పోసిందని వేపాకు తెచ్చిచ్చింది. ఆ మందు వేసుకుంటూ ఎండలోకి పోకూడదట. అదీ తర్వాతే తెలిసింది.

నా అవస్థ చూడలేక అత్తమ్మ ఒక ఉపాయం చెప్పింది. "గీ గోలీ మస్తు వేడి బిడ్డా. ఉత్త నీళ్లతోని మింగితే పేగులు మాడిపోతయి. పాలతోని వేస్కో, సల్లగుంటది."

పాడి ఇంట్లో దేనికైనా పాలే. దగ్గొస్తే మిరియాల పాలు, దెబ్బ తగిలితే పసుపు పాలు. గోలీ ఏదైనా సరే, మా ఇంట్లో పాల గ్లాసు పక్కన లేకుండా మింగడం నేనెరగను. అత్తమ్మ వాడుకవాళ్లకు పోయకముందే చిక్కటి పాలు ఒక గ్లాసు నాకోసం పక్కన తీసిపెట్టేది. మంట కొంచెం తగ్గింది. మిగిలిన మంటకు మందుల షాపతను గ్యాస్‌కు తాగే గులాబీ రంగు జెల్ ఇచ్చాడు. "ఇది తాగమ్మా, ఏం కాదు" అన్నాడు. ప్రతి మాత్రతో ఒక మూత తాగాను. గొంతు హాయిగా ఉంది. ఒంటి నొప్పులు మాత్రం ఎక్కువయ్యాయి, జ్వరం మళ్లీ మండింది, పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. అప్పుడు భయమేసింది. చచ్చిపోతానేమో అనుకున్నాను.

మళ్లీ జనగామ వెళ్లాం. డాక్టర్ గారు కొత్త రిపోర్టు చూసి కళ్లద్దాలు తీశారు.

"టాబ్లెట్లు మానేశావు కదా?"

"లేదు సార్. ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే."

"వేసుకుంటే ఈపాటికి ఫీవర్ ఉండదు. మీ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లంతా ఇంతే."

ఖాళీ పట్టీలు బల్ల మీద పెట్టాను.

"ఖాళీ పట్టీలు చూపించడం మాకు కొత్త కాదమ్మా," అని ఆయన మా ఆయన వైపు తిరిగారు. "అడ్మిట్ చేయండి. రేపటికల్లా తగ్గకపోతే మందు మార్చాలి, హైదరాబాద్ పంపాల్సి రావచ్చు."

మా ఆయన తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గొంతు కాలుతుంటే ఏడ్చుకుంటూ మింగిన ప్రతి మాత్రనూ ఆయన ఒక్క మాటతో అబద్ధం చేసేశాడు. ఆ క్షణాన జ్వరం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది.

సాయంత్రం వార్డులో అత్తమ్మ ఫ్లాస్కులోంచి పాలు వంచుతోంది, నేను జెల్ మూతలో పోసుకుంటున్నాను. అప్పుడే రౌండ్స్‌కు వచ్చిన డ్యూటీ డాక్టరమ్మ మంచం దగ్గర ఆగింది.

"ఆగండి. రోజూ ఇట్లనే వేసుకుంటున్నారా?"

"ఔ మేడం."

ఆమె స్టూల్ లాక్కుని కూర్చుంది. "పాలల్లో ఉండే కాల్షియం ఈ మందును పట్టుకుంటది, ఒంటికి సరిగ్గా ఎక్కనియ్యదు. ఈ జెల్ అయితే అంతకంటే ఎక్కువ పట్టుకుంటది. మీకు తగ్గకపోవడానికి ఇదొక్కటే కారణమని చెప్పలేను. కానీ ముందు దీన్ని సరిచేద్దాం."

అత్తమ్మ చేతిలో ఫ్లాస్కు మూత అలాగే ఉండిపోయింది. "అంటే, బిడ్డకు మందు అందకుంట నేనే జేసిన్నా మేడం?"

డాక్టరమ్మ కాదంది. తెలియక చేసినదానికి తప్పు లేదంది. అత్తమ్మకు ఆ మాట ఎక్కలేదు. కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చుంది, అన్నం ముట్టలేదు. నా కోపమంతా ఇక్కడే ఉంది. తన చేతిలో ఉన్న మంచి వస్తువు తెచ్చి పెట్టిన ముసలామె నేరస్తురాలిలా కూర్చుంది. ఒక్క మాట చెప్పాల్సినవాళ్లు దర్జాగా తిరుగుతున్నారు.

అదే మందును మొదట సెలైన్‌లో ఎక్కించారు, తర్వాత మాత్రలు. ముందు ఏదైనా తినడం, నిండు గ్లాసు నీళ్లతో మింగడం, మింగాక నిటారుగా కూర్చోవడం. జెల్ ఆపించి, మంటకు వేరే మందు వేరే వేళకు రాశారు. పాలు కావాలంటే మధ్యాహ్నం, మాత్రకు బాగా దూరంగా. ఒకరోజు పొద్దున దుప్పటి తడిసేంత చెమట పట్టి జ్వరం వదిలింది. ప్లేట్‌లెట్స్ పెరిగాయి. పంపిన టెస్టు ఔనని గట్టిగా చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. డిశ్చార్జి కాగితం మీద ఇప్పటికీ "సస్పెక్టెడ్" అనే ఉంది.

ఇంటికి పంపే రోజు, మొదట నన్ను చూసిన పెద్ద డాక్టర్ గారు నవ్వుతూ అన్నారు. "చూశావా, సరిగ్గా వేసుకుంటే తగ్గింది."

"నేను మొదటి నుంచీ సరిగ్గనే వేస్కున్న సార్. పాలతోని వెయ్యొద్దని మీరు చెప్పలే."

"నువ్వు అడగలేదు కదమ్మా."

"ఇంట్ల పశువులున్నయా అని మీరు అడిగిన్రు సార్. బర్రెలున్న ఇంట్ల పాలు గూడ ఉంటయి కద."

ఆయన కాగితం తిరగేసి సంతకం పెట్టారు. బయట తర్వాతి పేరు పిలిచారు.

ఇప్పుడు మళ్లీ పాలు పితుకుతున్నాను. వేళ్లలో పట్టు పూర్తిగా రావడానికి చాలా కాలం పట్టింది. గోమార్లకు పశువుల డాక్టరు చెప్పిన మందు కొడుతున్నాం. చేత్తో తీయాల్సి వస్తే తొడుగు వేసుకుంటాను. మీకు నేను చెప్పేది ఒక్కటే. మాత్ర రాయగానే కుర్చీలోంచి లేవకండి. దేనితో మింగాలి, దేనితో మింగకూడదు అని అడగండి. వెనక ఎంతమంది నిలబడి ఉన్నా, డాక్టర్ మొహం చిట్లించినా, జవాబు వచ్చేదాకా కూర్చోండి.

నేను అది నేర్చుకున్నాను. అత్తమ్మ మాత్రం ఇంకోటి నేర్చుకుంది. ఊరంతటికీ పాలు కొలిచి పోస్తుంది గానీ, ఆ సాయంత్రం తర్వాత నాకు ఒక్క గ్లాసు కూడా తన చేత్తో ఇవ్వలేదు. నేనే వంచుకుని ఆమె ఎదురుగా కూర్చుని తాగుతాను. ఆమె బర్రెలకు గడ్డి వేయాలంటూ లేచి వెళ్లిపోతుంది.